కంపెనీ చక్రాలు

ఆత్మకూరులో నెల్లూరు–బద్వేలు రోడ్డు పక్కన కోటిలింగం టైర్ల షాపు. మంగళవారం పొద్దున పదిన్నర. వరికుంటపాడు నుంచి సురేంద్రబాబు తన పికప్ బండి తోలుకొచ్చి పది నిమిషాలైంది.

"తియ్యమంటే తీస్తాలే సురేంద్రా. ఎందుకు తియ్యాలో ఒక మాట చెప్పు, తీస్తా."

"ఎందుకేంది మామా? బండి నాది. చక్రాలు నావి. బండితో వచ్చిన కంపెనీ చక్రాలు ఎనకాల వేసుకోని వచ్చినా. ఇవి ఊడదీసి అవి బిగించు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"ఉగాదికి కదరా ఇవి బిగించింది? నాలుగు నెల్లు కూడా కాలా. ఈ అలాయ్ చక్రాల కోసం మద్రాసుకి ఎన్ని ఫోన్లు చేసినావు నువ్వు? బిగించినాక టెంకాయ కొట్టి, చుట్టూ తిరిగి వీడియో తీసుకుంటివి. నన్ను కూడా పక్కన నిలబెట్టి తీస్తివి."

"అప్పుడు మోజు. ఇప్పుడు లేదు."

"నాలుగు నెల్లకే మోజు తీరిపోయేటోడివి పెళ్ళి మాత్రం చేసుకోబాకు అబ్బయా."

"జోకులు తర్వాత మామా. ముందు జాకీ పెట్టు."

"పెడతాలే. మలుపు తిప్పితే మడ్‌గార్డుకు రుద్దుకుంటా ఉండాయా?"

"ఆఁ. అదే. రుద్దుకుంటా ఉండాయి."

"యాడ?"

"ఎనక."

"ఎనకా? స్టీరింగ్ తిప్పితే కదా రుద్దుకునేది. పక్కకి తిరిగేది ముందు చక్రాలు."

"ముందే. ముందు కూడా."

"ఏదీ, చూడనీ... రుద్దుకున్న గీత ఒక్కటీ లేదే. అబ్బ, ఏం కడిగినావు బండిని! చక్రం లోపలి పక్క కూడా కడిగినావే. ఎవురన్నా చక్రం లోపల కడగతారా?"

"వాన పడింది. బురద."

"యాడ పడింది?"

"మా ఊళ్ళో."

"వరికుంటపాడులో వాన పడితే జిల్లా అంతా చెప్పుకుంటారు గదరా. నాకు తెలీకుండా యాడ పడింది?"

"మామా, నువ్వు చక్రాలు మారుస్తావా, నన్ను ఇంకో షాపుకి పొమ్మంటావా?"

"అరె, కోపమెందుకు? ఇంకో షాపంటే గుర్తొచ్చింది. ఉదయగిరిలో షాపుల్లేవా? వింజమూరులో లేవా? అవన్నీ దాటుకోని ఈడిదాకా ఎందుకొచ్చినావు? జాకీ, స్పానరు మీ ఇంట్లోనే ఉండాయి. నువ్వే మార్చుకోవచ్చు."

"ఊళ్ళో అందురూ చూస్తారు."

"చూస్తే?"

"చూస్తే... ఎందుకు తీసేసినావని అడగతారు. నీ మాదిరి. సెల్లు మోగతా ఉండాది, ఉండు మామా. నాయన... ఆఁ నాయనా. షాపులోనే ఉండా... ఇప్పుడే మొదలుపెడతా ఉండాడు... లేదు, ఎవురూ ఏం అడగలా... ఆడికి పోలేదు. పోనని చెప్పినా గదా... సరే. సరే నాయనా. పెట్టేస్తుండా."

"చెంచురామయ్య గారేనా?"

"ఆఁ."

"ఏమంటాడు?"

"గమ్మున రమ్మంటాడు. మిరప నారు తోలాలంట."

"యాడికో పోలేదని చెప్తివే?"

"యాడికీ లేదు మామా. హోటల్‌కి. బయట తినబాకంటాడు."

"సరే, జరుగు. జాకీ పెడతా. ముందు ఎడమ పక్కవి రెండూ తీస్తా... ఆ నట్లు పట్టు. కంపెనీ నట్లు యాడ పెట్టినావు?"

"ఇవే గదా నట్లు."

"ఇవి అలాయ్ నట్లురా. వీటి మొగం ఒక రకం, కంపెనీ రిమ్ము గుంట ఇంకో రకం. కూర్చున్నట్టే కూర్చోని దావలో వదులైపోతాయి. చక్రం ఒకపక్క, నువ్వు ఒకపక్క పోతారు. కంపెనీ నట్లు డబ్బాలో వేసి నీ చేతికిచ్చినా గదా ఆ రోజు?"

"ఇంట్లో మర్చిపోయినా."

"చక్రాలు గుర్తుపెట్టుకోని నట్లు మర్చిపోయినావా?"

"తొందరలో వచ్చినా మామా. నీ దగ్గరుండవా? వెతుకు. నువ్వు ఇరవై ఏళ్ళ నుంచి నట్లు దాచిపెట్టే ఉంటావు."

"ఉండాలే. చక్రానికి ఐదు, నాలుక్కి ఇరవై. ఒకే సైజువి ఇరవై దొరకాలంటే రేకు డబ్బాలన్నీ కుమ్మరించాల. ఈ చక్రాలు చూస్తే గాలి లేకుండా చప్పబడుండాయి. యాడ పెట్టినావురా వీటిని? రిమ్ములో ఈ గడ్డేంది?"

"కొట్టంలో పడేసుంటే కోడి పొదిగింది."

"పిల్లలు లేచినాయా?"

"మామా!"

"సరేలే, సరేలే. గాలి పట్టాల. ఈ వాల్వు కూడా కారతా ఉండాది, మార్చాల. కంప్రెసర్ వెయ్యి, ఆ స్విచ్చి... ఏమైంది?"

"తిరగలా."

"కరెంటు పోయిందా? పోయింది. ఇంక గంటో, గంటన్నరో."

"గంటా! చేత్తో కొట్టే పంపు లేదా?"

"సైకిల్‌కుండాది. పికప్‌కి కొడతావా? నువ్వు కూర్చోరా అబ్బయా. వచ్చినప్పట్నుంచి నిలబడే ఉండావు. రోడ్డు పక్కకి చూసేది, బండి పక్కకి చూసేది. ఎవురికోసం చూస్తుండావు?"

"ఎవురికోసమూ కాదు. కుడిపక్కవి కూడా తీసెయ్ మామా, అందాకా. తీసిన చక్రాలు లోపల పెట్టెయ్."

"ఈడ గోడకి ఆనించినాలే. ఎవురన్నా చూస్తే కొనుక్కుంటారు."

"గోడకి వద్దు! లోపల. లోపల గదిలో పెట్టు, పైన గోనెపట్ట కప్పు. ఈ ఊళ్ళో ఎవురికీ అమ్మబాకు. కడప పక్కోళ్ళో, ఒంగోలు పక్కోళ్ళో వస్తే ఊరకే ఇచ్చెయ్."

"ఊరకేనా?"

"ఊరకే."

"సురేంద్రా."

"ఏంది?"

"పొద్దున షాపు తీసేతలికి ఒకామె వచ్చింది."

"ఎవురు?"

"శనివారం మధ్యాహ్నం వింజమూరు రోడ్డులో ఒక ముసలామెను ఏదో బండి గుద్ది పోయింది. తెలుసా నీకు?"

"ఎవురో అనుకుంటుంటే... విన్నా."

"రెబెకమ్మంట. బళ్ళో పిలకాయలకు అన్నం వండే ఆమె. వంట ముగించుకోని ఇంటికి నడిచిపోతా ఉంటే ఎనకనించి కొట్టేసి పోయినారు. పొద్దున వచ్చింది ఆమె కూతురు."

"ఎట్టుండాది?"

"కూతురా?"

"ఆ అవ్వ మామా. ఆ అవ్వ ఎట్టుండాది?"

"తొడ ఎముక విరిగింది. నెత్తురు శానా పోయిందంట. పెద్ద ఆపరేషన్ చెయ్యాలని ఈరోజు నెల్లూరుకు పంపిస్తా ఉండారు. మనిషి మాత్రం మాట్లాడతా ఉండాది."

"మాట్లాడతా ఉండాదా? నిజంగా?"

"నిజంగానే. ఏందిరా, నీ కళ్ళు..."

"దుమ్ము. ఏం మాట్లాడతా ఉండాదంట?"

"ఒక బండి గురించి. ఆ బండి కోసమే ఆ పిల్ల టైర్ల షాపులన్నీ తిరగతా ఉండాది. పికప్పంట. అద్దం మాదిరి మెరిసే చక్రాలుండే పికప్పంట."

"ఓహో."

"ఓహోనా?"

"నువ్వేం చెప్పినావు?"

"అట్టాంటివి పదిమందికి బిగించినా, ఎవురిదని చెప్పేది తల్లీ అన్నా. నీ పేరు చెప్పలా. ఫోన్ నెంబరు ఇచ్చి పోయింది."

"మంచిపని చేసినావు. ఇంక బిగించు మామా. నట్లు నేను వెతకతా, ఆ డబ్బా ఇటియ్యి."

"డబ్బా కింద పెట్టు."

"మామా..."

"పెట్టు. స్పానరు నేనూ కింద పెట్టేసినా, చూడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ షాపులో కూర్చోనుండా. ఎవురు దేనికోసం చక్రం తీయిస్తారో నాకు తెలుసు. మొహం చూసి అడగతా ఉండా, మొహం చూసి చెప్పు. ఆ ముసలామెను గుద్దింది నువ్వేనా?"

"ఏం మాట మామా అది?"

"మాట కాదు. అవునా, కాదా?"

"గుద్దినోడు ఎత్తుకోని ఆసుపత్రికి తెస్తాడా?"

"ఏందీ?"

"నేను తెచ్చినా మామా ఆమెను. నేనే ఎత్తుకొచ్చినా. రోడ్డు పక్కన రాళ్ళలో పడుండాది. అన్నం గిన్నె దొర్లి కాలవలో పడింది. సైకిల్ మీద ఒకాయన పోతా ఉంటే చెయ్యెత్తినా, ఆయన చూసి కూడా ఆగలా. చొక్కా చించి తొడకు కట్టినా. పక్క సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకోని, ఒక చేత్తో తోలినా ఈడిదాకా. కళ్ళు మూస్తా ఉండాది మామా. మూసినప్పుడల్లా 'అవ్వా, నీ పేరేంది? మనవళ్ళెంతమంది? ఈరోజు ఏం వండినావు?' అని అడగతానే ఉండినా. సాంబారన్నం, గుడ్డు అనింది. ఆ రెండు మాటలు ఎన్నిసార్లు చెప్పిందో."

"ఓరి నీ... ఎంతపని చేసినావురా!"

"ఆసుపత్రిలో దించినా. పేరు రాయించమన్నారు. బండి పక్కన పెట్టి వస్తానని చెప్పి... వచ్చేసినా."

"నేనేమో నిన్ను... ఛీ. నా నోరు పడిపోను. ఏమనుకోబాకు సురేంద్రా."

"ఏం అనుకోను మామా."

"బండి ఎందుకో ఆ పిల్ల చెప్పలా, గుద్దిన బండేననుకోని ప్రాణం నిలబెట్టినోణ్ణి అనుమానపడితి గదరా. మరి దాక్కోవడం దేనికి? చక్రాలు తియ్యడం దేనికి?"

"పోలీసులొస్తారు. కోర్టంటారు. నాయన వినగానే వణికిపోయినాడు. వచ్చే ఎలక్షన్లో నిలబడాలనుండాడు. పేరు పేపర్లో రాకూడదంటాడు."

"ఎత్తుకొచ్చినోణ్ణి పీడించకూడదని ఇప్పుడు రూలుండాది. ఆసుపత్రి గోడ మీద బోర్డు కూడా రాసిపెట్టినారు. మంచిపేరుతో వచ్చే పేపరుకు మీ నాయన భయపడేదేంది? ఆయనకే ఓట్లు పడతాయి."

"నువ్వు మా నాయనకు చెప్పబాకు."

"కూడు తిన్నావా నువ్వు? మొహం చూడు, పీక్కోని పోయుండాది."

"శనివారం నుంచి దిగట్లా. ఈరోజు వచ్చేటప్పుడు ఆసుపత్రి ముందర మూడుసార్లు తిరిగినా. లోపలికి పోలేకపోయినా."

"దానికే ఉదయగిరి వదిలేసి ఈడికొచ్చినావు! ఆమె ఎట్టుండాదో తెలుసుకుందామని. అవునా? నాకర్థమైందిలే. ఉండు, ఒక ఫోన్ చేస్తా."

"ఎవురికి?"

"కూతురికి."

"వద్దు మామా. వద్దు. ఫోన్ ఇటియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు."

"నీకేం తెలీదు, ఊరకుండు. ఏమ్మా, ఏంజెలినమ్మా? నేనమ్మా, టైర్ల షాపు కోటిలింగాన్ని. పొద్దున నువ్వడిగిన బండి... దొరికింది. బండీ దొరికింది, బండాయనా దొరికినాడు. నా ఎదురుగానే ఉండాడు. మొహమాటస్తుడమ్మా, పారిపోవాలని చూస్తుండాడు... ఉంటాడు ఉంటాడు, నేను పట్టుకోనుంటా. ఆటో ఎక్కి రా."

"ఎందుకు చేసినావు మామా?"

"ఎందుకేంది?"

"బండి కిందికి దించు. నేను పోవాల."

"ఎట్టా పోతావు? ఎడమ పక్క రెండు చక్రాలూ నేల మీదుండాయి. కంపెనీవాటిలో గాలి లేదు, కరెంటు లేదు."

"తీసినవే మళ్ళీ పెట్టు. ఐదు నిమిషాల పని."

"ఆసుపత్రి నుంచి ఈడికి ఆటోలో కూడా ఐదు నిమిషాలే."

"అయితే నడిచి పోతా. బస్టాండుకు పోయి బస్సెక్కుతా. బండి ఈడే ఉండనీ."

"బండొదిలేసి పోతావా? థాంక్స్ చెప్తారని ఇట్టా పారిపోయేవాణ్ణి నిన్నే చూస్తుండారా నేను. కూర్చో. ఇదిగో మంచినీళ్ళు తాగు."

"ఆమె... ఏమంటాది మామా వచ్చి?"

"ఏమంటాది? దండం పెడతాది. పెట్టించుకో. పాపమేం రాదు."

ఆటో వచ్చి ఆగింది. రెబెకమ్మ కూతురు ఏంజెలిన్ దిగింది.

"అంకుల్, ఈ తమ్ముడేనా?"

"ఈయనేనమ్మా. సురేంద్రబాబు. వరికుంటపాడు. మన చెంచురామయ్య గారి కొడుకు."

"సురేంద్రబాబు. అమ్మయ్య, పేరు దొరికింది. మూడు రోజుల నుంచి మా అమ్మ ప్రార్థనలో మీ పేరు తెలీక ఏమంటా ఉండాదో తెలుసా తమ్ముడూ? 'మెరిసే చక్రాల బిడ్డను చల్లగా చూడు ప్రభువా' అంటా ఉండాది. కింద పడున్నప్పుడు ఆమెకు కనిపించింది ఆ చక్రమేనంట. అందులో తన మొహం కనిపించిందంట, బతికే ఉండానే అనుకునిందంట."

"నొప్పి... శానా ఉండాదా ఆమెకి?"

"ఉండదా? రాత్రంతా మూలుగుతానే ఉండాది. కానీ మూలిగేటప్పుడు కూడా మీ మాటే. ఒళ్ళో తల పెట్టుకున్నాడు, ఏడస్తానే బండి తోలినాడు, నా కన్న కొడుకు కూడా అంత ఏడవడు అంటా ఉండాది. డాక్టరు ఏమన్నాడంటే, ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంట."

"చూసినావా సురేంద్రా? విన్నావా?"

"విన్నా మామా."

"తమ్ముడూ, పన్నెండింటికి అంబులెన్సు వస్తాది. మీ మొహం చూడందే ఎక్కనని మొండికేసుకోని కూర్చోనుండాది. ఒక్కసారి వచ్చి కనిపించండి. ఐదు నిమిషాలు చాలు."

"నేను రాలేను అక్కా."

"ఎందుకని?"

"రాలేను. ఆమె మొహం చూడలేను."

"నెత్తురంతా తుడిచేసినారు తమ్ముడూ, ఇప్పుడు భయపడేటట్టు లేదు. మా తమ్ముడు కూడా మీకు దండం పెట్టాలని తిరగతా ఉండాడు. ఇప్పుడు స్టేషన్ దగ్గరుండాడు."

"స్టేషనా? ఎందుకు?"

"గుద్దినోడు దొరికినాడు గదా."

"ఏందీ?"

"దొరికినాడా తల్లీ? నాకు చెప్పనే లేదే పొద్దున! ఎవురు?"

"పొద్దున ఇంకా అనుమానమే అంకుల్. ఇప్పుడు పిలిపించి కూర్చోబెట్టినారు. ఇటికల ట్రాక్టరు తోలే కామయ్యంట."

"కామయ్యా! మన కామయ్యా? నా దగ్గరే పంచర్లేయించుకుంటాడు. వాడు ట్రాక్టరు తోల్తా ఉంటే ఎనకాల గొర్రెలు కూడా దాటుకోని పోతాయి. అంత నిదానం."

"నిదానమో ఏమో. శనివారం ఆ రోడ్డులో ఇటికలు తోలినట్టు ఆయనే ఒప్పుకున్నాడు. ముందర బంపరు వంగుండాది. ఎట్టా వంగిందంటే పాతదంటాడు."

"బంపరు పాతదేనమ్మా, నేనూ చూసినా. అయినా... ఏమో. మనిషిని చూసి ఏం తెలుస్తాది."

"ఆయన భార్య ఆసుపత్రికి కూడా వచ్చి మా అమ్మ మంచం కోడు పట్టుకోని ఏడ్చింది. నా మొగుడు కాదు తల్లీ, కాదు తల్లీ అని. మా తమ్ముడు బయటికి పంపించేసినాడు."

"పంపించేసినాడా?"

"ఏం చెయ్యమంటారు తమ్ముడూ? అమ్మను వెనకనించి కొట్టినారు, ఆమెకు ఏ బండో తెలీదు. చూసినోళ్ళు లేరు. ఉండేది మీరొక్కరే. అందుకే ఇంకో సాయం అడగాలనుకుంటా ఉండా. మీరు ఆడికి పోయేతలికి ట్రాక్టరు ముందర పోతా కనిపించిందని ఒక్క మాట చెప్తే చాలు. మీ మాట ఎవురూ కాదనరు. ప్రాణం కాపాడినోడు అబద్ధం చెప్తాడా?"

"నేనా?"

"మీరే. మా తమ్ముడికి ఫోన్ కలపతా, ఈడనించే చెప్పండి. సంతకం సాయంత్రం వచ్చి పెట్టొచ్చు."

"కలపొద్దక్కా. ఉండండి."

"చెప్పరా సురేంద్రా, చూసుంటే చెప్పు. కామయ్యైతే ఏంది, ఎవురైతే ఏంది. నీ సెల్లు మోగతా ఉండాది, చూడు. నాయన అని వస్తా ఉండాది."

"మోగనీ."

"ఎత్తవా?"

"ఎత్తను. కామయ్యకు పిల్లలున్నారా మామా?"

"ముగ్గురు. పెద్దపిల్ల మొన్ననే ఇంటర్లో చేరింది. ఎందుకు?"

"ఊరకే. అక్కా, ఒక మాట అడగనా?"

"అడగండి."

"గుద్దినోడు... ఆగినుంటే? దిగి చూసుంటే? మీరు ఏం చేసేవాళ్ళు?"

"ఆగినుంటేనా? కోపమొచ్చేది. తిట్టేదాన్ని. మా తమ్ముడైతే నాలుగు పీకేవాడు కూడా. కేసూ పెట్టేవాళ్ళమే. కానీ మనిషి అనుకునేవాళ్ళం తమ్ముడూ. మా నాయన కూడా లారీ డ్రైవరే. రోడ్డు మీద ఎవురికైనా చెయ్యి జారతాదని అంటా ఉండేవాడు. ఆగకుండా పోయినాడు చూడండి, ముసలిదాన్ని రాళ్ళలో పారేసి, అది నాకు పడట్లా."

"ఆగి, ఆ తర్వాత పారిపోయినా అంతే గదా?"

"ఏందీ?"

"ఏం లేదు."

"కరెంటొచ్చింది! కంప్రెసర్ తిరగతా ఉండాది. సురేంద్రా, నువ్వు ఈ అమ్మతో ఆసుపత్రికి పోయి రా. నువ్వొచ్చేతలికి కంపెనీ చక్రాలకి గాలి పట్టి, నట్లు వెతికి బిగించేస్తా."

"వద్దు మామా."

"మళ్ళీ ఏందిరా?"

"కంపెనీ చక్రాలు వద్దు. తీసినవి మళ్ళీ బిగించు. ఎట్టుండినాయో అట్టనే."

"ఇప్పుడేగా తియ్యమని పానం తీసినావు?"

"శనివారం ఈ బండి ఎట్టుండిందో అట్టనే ఉండాల. స్టేషన్‌కి దీంట్లోనే పోవాల నేను."

"ఆఁ, అదీ మాట! సాక్ష్యం చెప్పేదానికి భయమెందుకు? చూసినావా తల్లీ, వస్తానంటున్నాడు. బంగారం లాంటి పిల్లోడు."

"స్తోత్రం ప్రభువా. చాలా థాంక్స్ తమ్ముడూ. మీ మేలు మర్చిపోను. ముందు అమ్మ దగ్గరికి పోదామా? అమ్మను చూసి, అట్నించి అటే స్టేషన్‌కి పోవచ్చు."

"ముందు స్టేషన్‌కే. కామయ్యను ఇంటికి పంపించాల."

"పంపించడమేంది? ఆయనేగా..."

"అక్కా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి."

"ఎందుకు? మీరు చూసింది చెప్పండి చాలు. ట్రాక్టరు మీకు ఎదురొచ్చిందా, ముందర పోతా ఉండిందా?"

"ట్రాక్టరు లేదక్కా ఆడ. మీ అమ్మ నడిచిపోతా ఉండింది, ఎనకాల నా బండి వస్తా ఉండింది. ఆ రోడ్డులో ఇంక ఏ బండీ లేదు."